‘మీ ఇష్టం సార్’ సమ్మతి కాదు: ఒక పీణ్య వర్క్‌షాపు డైరీ

8 జూన్ 2024

మా షాపులో ఈ రోజు, పనికి సంబంధించిన నిర్ణయాలను అందరి సమ్మతితో తీసుకునే ఒక కొత్త పద్ధతికి శ్రీకారం చుట్టాము. అది నిలుస్తుందో లేదో తేలడానికి కొన్ని నెలలు పడుతుంది కనుక, జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసుకుంటూ వస్తాను.

మాది బెంగళూరు పీణ్య పారిశ్రామిక వాడలో ఒక చిన్న మెషీన్ షాపు. మూడు సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) టర్నింగ్ సెంటర్లు, ఒక మిల్లింగ్ సెంటర్, రెండు పాత లేత్‌లు, ఒక డ్రిల్లింగ్ మెషీన్, చివర్లో బర్ (కోసిన అంచున మిగిలే ఇనుప ముల్లు) తీసే బల్ల ఉన్నాయి. యజమాని కాక 16 మందిమి పనిచేస్తున్నాము. అందులో పది మందిమి హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లము. ముగ్గురు తుమకూరు వైపు కన్నడిగులు, ఇద్దరు ఒడిశా కుర్రాళ్లు. మిల్లింగ్ చూసే పెద్దాయనది కాంచీపురం దగ్గరి పల్లె, ఆయన వచ్చి ముప్పై ఏళ్లయింది. నేను సూపర్‌వైజర్‌ని.

ఏప్రిల్‌లో జరిగిన ఒక పొరపాటు వల్ల ఈ పనికి పూనుకున్నాను. కొత్త మెషీన్‌కు చోటు చేయడానికి బర్ తీసే బల్లను కిటికీ దగ్గర నుంచి వెనక మూలకు జరపాలని అనుకుని, మధ్యాహ్నం టీ సమయంలో అందరినీ నిలబెట్టి "అందరికీ సరేనా?" అని అడిగాను. కంప్రెసర్ హోరులో ఇద్దరు ముగ్గురు తలూపారు, మిగిలినవాళ్లు ఊరుకున్నారు. మౌనం అర్ధాంగీకారం అన్న మాట చిన్నప్పటి నుంచి చెవిలో పడి ఉన్నందువల్ల నేను ఆ మౌనాన్ని పూర్తి అంగీకారంగానే లెక్కవేసి మర్నాడే బల్లను జరిపించాను. మూడు వారాలు తిరిగేసరికి ఒక కస్టమర్ దగ్గర నుంచి 400 పీసులు వెనక్కి వచ్చాయి. అడ్డంగా వేసిన రంధ్రం లోపలి రంధ్రాన్ని కలిసేచోట సన్నటి ఇనుప ముల్లు మిగిలిపోయి ఉంది. ఆ మూలలో వెలుతురు చాలక అది కంటికి ఆనలేదు.

బల్ల దగ్గర పనిచేసే ఆమె కదిరి దగ్గరి మనిషి, కుర్రాళ్లందరూ అక్క అని పిలుస్తారు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే ఆమె తల దించుకుని, "మీరు అడిగిన దినం అందరూ ఊ అన్నారు కదా సార్. నేనొక్కదాన్ని కాదంటే బాగుంటుందా?" అంది. ఆ మూలలో పని కుదరదని ఆమెకు మొదటి గంటలోనే తెలుసు. తెలిసిన మనిషి ఎదురుగానే ఉన్నా ఆ సంగతి నా దాకా రాలేదంటే, తప్పు ఆమెది కాదు, నేను అడిగిన తీరుదే.

అప్పటి నుంచి, నలుగురూ కలిసి సమ్మతితో నిర్ణయించుకునే సోషియోక్రసీ అనే పద్ధతి గురించి దొరికినంత చదువుతూ వచ్చాను. అందులో నన్ను పట్టుకున్నది దాని మూల సూత్రం. ఒక ప్రతిపాదన మీద కారణంతో కూడిన అభ్యంతరం ఎవరికీ లేనప్పుడు అది నిర్ణయమవుతుంది. అందరికీ నచ్చాలని లేదు, ఎక్కువ మంది చేతులెత్తితే చాలునని కూడా లేదు. ఈ పద్ధతికి రూపమిచ్చిన గెరార్డ్ ఎండెన్‌బర్గ్ మా వంటి పనివాడే. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో తల్లిదండ్రుల ఎలక్ట్రికల్ కంపెనీని 1968లో చేతికి తీసుకున్న ఇంజనీరు. ఆయన చదువుకున్న బడిని కేస్ బూకే అనే విద్యావేత్త 1926లో బిల్ట్‌హోవెన్‌లో స్థాపించాడు. అక్కడ పిల్లలూ టీచర్లూ కలిసి కూర్చుని, అందరూ ఒప్పుకునే దాకా మాట్లాడి నిర్ణయాలు తీసుకునేవారు. బడిలో నడిచినది కార్ఖానాలో ఎందుకు నడవదన్న ప్రశ్నతో ఎండెన్‌బర్గ్ 1970లలో తన కంపెనీలోనే ప్రయోగం చేశాడు.

15 జూన్

యజమానితో రెండు గంటలు కూర్చున్నాను. ఆయన భయం నాకు అర్థమవుతుంది. బ్యాంకు అప్పు ఆయన పేరు మీద ఉంది, షెడ్డు అద్దె ఆయనే కట్టాలి. "రేపు జీతాలు కూడా వాళ్లే నిర్ణయిస్తారా?" అని అడిగారు. ఏయే విషయాలు ఈ గుంపు చేతిలో ఉంటాయో ముందే రాసుకోకపోతే ఈ పద్ధతి మొదటి నెలలోనే కూలిపోతుందని నాకూ అనిపించింది. షిఫ్టు వేళలు, సెలవుల సర్దుబాటు, మెషీన్ల అమరిక, టూల్స్ పంపకం, శుభ్రత, ఒక్కోసారి 20,000 రూపాయల లోపు కొనుగోళ్లు మా గుంపు పరిధిలోకి వచ్చాయి. జీతాలు, కస్టమర్ల ఎంపిక, ధరలు, అప్పులు ఆయన దగ్గరే ఉన్నాయి. జీతాలను పక్కన పెట్టడం నాకు పూర్తిగా తృప్తినివ్వలేదు. కానీ ఇచ్చినట్టే ఇచ్చి తర్వాత లాగేసుకోవడం కంటే, ఇవ్వనిది ఇవ్వలేదని కాగితం మీద స్పష్టంగా ఉండటమే పనివాళ్లకు గౌరవం.

ఇంకొక గీత కూడా గీశాము. నడుస్తున్న మెషీన్ మీద అలారం మోగితే ఆపాలా వద్దా అన్నది ఆపరేటర్ ఒక్కడి నిర్ణయం. నలుగురూ కూర్చుని సమ్మతితో తేల్చవలసినవి పనిని నడిపే నియమాలే. ఆ నియమాల లోపల రోజువారీ పని ఎవరిది వారే చూసుకోవాలి. ఈ తేడా తెలియకపోతే ప్రతి ఇన్సర్ట్ (టూల్ కొసన బిగించే కోత ముక్క) మార్పుకూ మీటింగు పెట్టవలసి వస్తుంది.

22 జూన్

మొదటి సమావేశం శనివారం మూడున్నరకు, పని వేళలోనే, మెషీన్లన్నీ ఆపి జరిగింది. ఇన్సర్టులను ఇక మీదట రిజిస్టరులో రాసి ఇవ్వాలన్నది ప్రతిపాదన. క్రమం ప్రకారం ముందు ప్రతిపాదన చదవాలి. తర్వాత అర్థం కానివాటి గురించి మాత్రమే ప్రశ్నలు, ఆపైన ఒక్కొక్కరూ తమ అభిప్రాయం, చివరగా అభ్యంతరం ఉందో లేదో ఒక్కొక్కరూ చెప్పాలి. వరస తప్పకూడదు, మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు.

గౌరవం కొద్దీ లేత్ మేస్త్రితో మొదలుపెట్టాను. ఆయన మా అందరికంటే పెద్ద, షాపు పుట్టినప్పటి నుంచి ఉన్న మనిషి. "మంచిదే, కానీ రిజిస్టరు నా దగ్గరే ఉండాల" అన్నారు. ఆ తర్వాత పదిహేను మందీ "మేస్త్రి అన్న చెప్పినట్టే" అన్నారు. వరస నడిచింది కానీ వినబడింది ఒక్క గొంతే. వచ్చేసారి నుంచి షాపులో అందరికంటే తరవాత చేరిన మనిషితో మొదలుపెట్టి, మేస్త్రి, నేను చివర మాట్లాడాలని తీర్మానించాము. ఈ మాట మేస్త్రికి చెప్పడానికి వెనకాడాను కానీ ఆయన నొచ్చుకోలేదు. "పంచాయితీల్లో కూడా పెద్దోళ్లు కడాకే మాట్లాడేది" అన్నారు.

భాష గురించి ఒక మాట రాసుకోవాలి. అభ్యంతరం అన్న పదం కన్నడంలోనూ అదే కావడం మాకు కలిసొచ్చింది. ఒడిశా కుర్రాళ్లకు మాత్రం హిందీలో ‘ఆపత్తి’ అని చెప్పవలసి వచ్చింది. మన చెవికి అది ఆపద లాగా వినబడుతుంది. నలుగురిలో కాదని చెప్పబోయే మనిషి గుండెలో ఉండేది కూడా సరిగ్గా ఆ భావమే కదా అనిపించి, ఆ రాత్రి చాలాసేపు దాని గురించే ఆలోచించాను.

6 జులై

సమ్మతికీ ఇష్టానికీ తేడా చెప్పలేక మూడు వారాలు తడబడ్డాను. "నాకు నచ్చలేదు, కానీ పని జరుగుతుంది అంటే ఏం చెప్పాల?" అని, మెషీన్లను పనికి సిద్ధం చేసే సీఎన్‌సీ సెట్టర్ అడిగినప్పుడు నా దగ్గర మంచి జవాబు లేదు. జవాబు మా క్వాలిటీ చూసే అమ్మాయి ఇచ్చింది. తన బల్ల మీద నుంచి రంధ్రం కొలత సరిచూసే 25 మిల్లీమీటర్ల ప్లగ్ గేజ్ తెచ్చి అందరి ముందూ పట్టుకుంది.

ఆ గేజ్‌కు రెండు కొసలుంటాయి. 25 మిల్లీమీటర్ల హెచ్7 (కొలతలో ఎంత తేడా చెల్లుతుందో చెప్పే గుర్తు) రంధ్రానికి కింది హద్దు 25.000, పై హద్దు 25.021. గో వైపు కొస రంధ్రంలోకి దిగాలి, ఎర్ర గీత ఉన్న నో-గో వైపు కొస దిగకూడదు. రంధ్రం 25.003 ఉన్నా, 25.018 ఉన్నా పీసు పాసే. "సరిగ్గా మధ్యలో ఉంటేనే పాస్ చేస్తానని నేను పట్టుబడితే రోజుకు ఎన్ని పీసులు పోతాయి అన్నా? మీటింగులో కూడా అంతే. నాకు నచ్చిన కొలత ఇదని కాదు, హద్దు లోపల ఉందా లేదా అని చూసుకోవాల. హద్దు దాటితే మాత్రం యజమాని చెప్పినా పాస్ చేయకూడదు" అంది.

నేను చదివిన దాంట్లో కూడా సరిగ్గా ఈ సహన పరిధి అన్న ఆలోచనే ఉంది. కానీ కాగితం మీద చదివినది నాకే పూర్తిగా ఎక్కలేదు. గేజ్ చేతిలోకి తీసుకున్నాక షాపులో ఎవరికీ మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు ఒడిశా కుర్రాళ్లు కూడా వరసలో తమ వంతు వచ్చినప్పుడు "గో" అంటున్నారు. సూపర్‌వైజర్‌నైన నేనే సమావేశం నడిపితే నా ప్రతిపాదనను నేనే దాటించుకునే ప్రమాదం ఉంది కనుక, ఈ రోజు నుంచి నడిపే బాధ్యత ఆ అమ్మాయికి అప్పగించాము.

20 జులై

ఇంతవరకు జరిగినవాటిలో ఇదే ముఖ్యమైన రోజు కనుక కొంత వివరంగా రాస్తాను.

కొత్త ఆర్డరు వల్ల రెండు షిఫ్టులు అవసరమయ్యాయి. ఇప్పటిదాకా పని ఎనిమిదిన్నరకు మొదలయ్యేది. మొదటి షిఫ్టు ఉదయం ఏడు నుంచి మూడున్నర, రెండోది మూడున్నర నుంచి రాత్రి పన్నెండు అన్నది నా ప్రతిపాదన. ప్రశ్నల వరస, అభిప్రాయాల వరస సాఫీగా గడిచాయి. సమ్మతి వరసలో అక్క వంతు వచ్చినప్పుడు, "నాకేముంది సార్, మీ ఇష్టం" అంది. నేను తర్వాతి మనిషి వైపు చూశాను. అమ్మాయి మాత్రం ముందుకు పోలేదు. "అక్కా, ‘మీ ఇష్టం’ అనే జవాబు మన గేజ్‌లో లేదు. గోనా, నో-గోనా?" అని అడిగింది. అక్క నవ్వి ఊరుకుంది. అమ్మాయి ఒత్తిడి చేయకుండా, మిగతావాళ్లందరూ అయ్యాక మళ్లీ మీ దగ్గరికి వస్తానని చెప్పి వరస కొనసాగించింది.

రెండోసారి వంతు వచ్చేసరికి అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, నేల చూస్తూ చెప్పింది. వాళ్ల వీధికి కావేరి నీళ్లు రోజు విడిచి రోజు, పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా వస్తాయి. బోరు మార్చిలోనే ఎండిపోయింది. ఇంట్లో నీళ్లు పట్టేది ఆమె ఒక్కతే. ఏడింటికి షాపులో ఉండాలంటే ఆరుంబావుకు బయలుదేరాలి, అంటే నీళ్లు పోతాయి, ట్యాంకరు కొనాలి. "ఈ ఎండాకాలంలో ట్యాంకరుకు ఎంత పెట్టినానో నాకే తెలుసు సార్" అంది. ఈ ఏడాది మార్చి, ఏప్రిల్‌లలో బెంగళూరులో నీటి కోసం పడిన పాట్లు అందరికీ గుర్తే. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత జరిగినదే ఈ పద్ధతి మీద నాకు నమ్మకం కలిగించింది. అది ఆమె ఇంటి సమస్య అని ఎవరూ కొట్టిపారేయలేదు, పాపమని జాలిపడి ప్రతిపాదననూ వదిలేయలేదు. "ప్రతిపాదనలో ఏ ముక్క మారిస్తే ఈ అభ్యంతరం పోతుంది?" అన్న ఒక్క ప్రశ్నను అమ్మాయి గుంపు మధ్యలో పెట్టింది. సెట్టర్ కాస్త ఆలోచించి, ఏడింటికి మెషీన్లు మొదలైనా మొదటి పీసు పాసై బల్ల మీదికి లాట్ రావడానికి ఎట్లాగూ ఎనిమిదిన్నర దాటుతుందని, అంతవరకూ బర్ తీసేవాళ్లకు అక్కడ పనే ఉండదని అన్నాడు. అది నిజం. ఇన్నేళ్లుగా షెడ్యూలు వేస్తున్న నాకు ఆ సంగతి తట్టలేదు. బర్ బల్లకు పాత వేళే, ఎనిమిదిన్నర నుంచి అయిదు, ఉంచుతూ ప్రతిపాదన మార్చాము. దానివల్ల మొదటి షిఫ్టులో మిగిలిపోయిన పీసులు కూడా మూడున్నర తర్వాత ఆ రోజే పూర్తవుతాయి. మళ్లీ వరస తిరిగింది, 16 మందీ గో అన్నారు. అక్టోబరులో తిరిగి పరిశీలించాలని తేదీ రాసుకున్నాము.

ఈ రోజు నుంచి ఒక నియమం గోడ మీద అంటించాము: ‘మీ ఇష్టం’, ‘అందరికీ ఎట్లయితే నాకూ అట్లే’ అన్న మాటలను జవాబుగా లెక్కపెట్టకూడదు. మన ఊళ్లలో పంచాయతీ ఎన్నిక ఏకగ్రీవమైందని గొప్పగా చెప్పుకుంటాము. నామినేషన్ వేయబోయిన మనిషిని ఎవరు ఎట్లా కూర్చోబెట్టారో మాత్రం చెప్పుకోము. అటువంటి ఏకగ్రీవం మా షాపులో వద్దు.

27 జులై

రెండో షిఫ్టు కుర్రాళ్లు ఒక ప్రతిపాదన తెచ్చారు. భోజన విరామం అరగంట తీసేసి, తినడం పది నిమిషాల్లో ముగించి, ఇరవై నిమిషాలు ముందుగా ఇంటికి పోతామన్నారు. వాళ్లలో ఒక్కరికి కూడా అభ్యంతరం లేదు. అయినా నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు, 2024లో, అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం వరసగా అయిదు గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. చట్టం పెట్టిన హద్దును మా 16 మంది సమ్మతి చెరపలేదు. రాత్రి పదకొండున్నరకు అలసిన చెయ్యి, పీసును పట్టి తిప్పే చక్ దగ్గర ఏం చేస్తుందో తెలిసినవాళ్లే ఆ చట్టం రాశారు. ప్రతిపాదన ఉపసంహరించుకున్నారు.

10 ఆగస్టు

ఈ రోజు తప్పు నాది, దాన్ని పూర్తిగా రాయాలి.

కూలెంట్ (కోతలో వేడి తగ్గించే నూనె, నీళ్ల మిశ్రమం) తగ్గినప్పుడు ఎవరి మెషీన్‌లో వాళ్లే పోసుకోవాలన్నది ప్రతిపాదన. సమ్మతి వరసలో ఒడిశా కుర్రాళ్లలో చిన్నవాడు నో-గో అన్నాడు. కారణమేమిటంటే చేతులు మండుతున్నాయన్నాడు. ఎవరు పోయాలన్నది ప్రతిపాదన అయితే, చేతులు మండటం వేరే విషయమని, దాన్ని వ్యక్తిగత ఇబ్బందిగా రాసి ముందుకు పోదామని నేను అన్నాను. గ్లవ్స్ ఇస్తే సరిపోతుందని కూడా అనబోయి ఆగాను. తిరిగే స్పిండిల్ దగ్గర గ్లవ్స్ వేసుకోకూడదని బోర్డు పెట్టించింది నేనే. అప్పుడు అమ్మాయి, "సార్, చేతులు మండడానికీ ఎవరు పోస్తారన్నదానికీ సంబంధం లేదని మనకెట్లా తెలుసు? కొలిచి చూసినామా?" అంది.

రిఫ్రాక్టోమీటరు తెచ్చాము. చిన్న దూరదర్శిని లాంటి గొట్టం అది. గాజు పలక మీద ఒక చుక్క కూలెంట్ వేసి, మూత మూసి, వెలుతురు వైపు పట్టుకుని చూస్తే లోపల నీలం, తెలుపు కలిసేచోట గీత కనబడుతుంది. ఆ అంకెను నూనె కంపెనీ ఇచ్చిన గుణకంతో హెచ్చిస్తే గాఢత వస్తుంది. మేము వాడే నూనె 5 నుంచి 7 శాతం ఉండాలి. ఆ కుర్రాడి మెషీన్‌లో 12 శాతం వచ్చింది. నీరు ఆవిరైపోతుంటే, మట్టం తగ్గిందని చూసిన ప్రతివాడూ డబ్బా వంచి నేరుగా నూనె పోస్తూ వచ్చాడు. గాఢత పెరిగినకొద్దీ చర్మం పొడిబారి, పగిలి, మండుతుంది. అతను అరచేతులు తిప్పి చూపించాడు. వేళ్ల సందుల్లో చర్మం ఎర్రగా, చేప పొలుసులాగా లేచి ఉంది. నెల రోజులుగా ఆ చేతులతోనే పని చేస్తున్నాడు, మా ఎవరి కంటికీ అది పడలేదు.

అతని అభ్యంతరం నేరుగా ప్రతిపాదనకే తగిలింది. ఎవరికి వాళ్లు చూపుతో పోసుకుంటే ఇదే మూడు మెషీన్లకూ పాకుతుంది. కనుక ప్రతిపాదన తలకిందులైంది: డ్రమ్ములో ముందు నీళ్లు నింపి, దాంట్లోకి కొలిచిన నూనెను కలుపుతూ పోసి, సిద్ధం చేసిన మిశ్రమాన్ని ఒక్కరే అన్ని మెషీన్లకూ పోయాలి, వారానికి రెండుసార్లు కొలిచి రాయాలి. కుర్రాడిని ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి పంపాము.

అభ్యంతరాన్ని పరీక్షించడానికి నేను ఒక ప్రశ్న పెట్టుకున్నాను: దీన్ని అమలు చేస్తే పనికో మనిషికో ఎక్కడ దెబ్బ తగులుతుంది? ప్రశ్న మంచిదే. అయితే దానికి జవాబు చెప్పే భారాన్ని, భాష సరిగా రాని ఇరవై ఏళ్ల కుర్రాడి మీద ఒక్కడి మీదే వేశాను. అభ్యంతరం చెప్పిన మనిషికి కారణం విడమరచడంలో గుంపు అంతా సాయపడాలి. ఈ నియమం కూడా గోడ ఎక్కింది.

నెట్‌వర్కింగ్ సాఫ్ట్‌వేర్ రాసే మా తమ్ముడికి ఈ సంగతి చెబితే, ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ అనే సంస్థలో కూడా ఓట్లు లెక్కపెట్టరని చెప్పాడు. గదిలో అందరూ గొంతులోనే హమ్మని శబ్దం చేసి మొగ్గు తెలుపుతారట. ఒక్కరు లేవనెత్తినదైనా సరే, సాంకేతికమైన అభ్యంతరానికి జవాబు దొరకకుండా ముందుకు పోకూడదన్నది అక్కడి పద్ధతి. ఎంతమంది అన్నారన్నది కాక ఏమన్నారన్నది చూడటం ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకూ, మా ఇనుము పనివాళ్లకూ ఒకే విధంగా అవసరమవుతోంది.

14 సెప్టెంబరు

రెండో షిఫ్టుకు ఇన్‌చార్జిని ఎన్నుకున్నాము. పోటీ లేదు, ప్రచారం లేదు. ముందు ఆ బాధ్యతలో ఏమేముంటాయో చదివాము. తర్వాత ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము సూచించే మనిషి పేరు చీటీ మీద రాసి ఇచ్చారు. చీటీలు మడిచి డబ్బాలో వేస్తుంటే కాంచీపురం పెద్దాయన, తమ దగ్గరి ఉత్తరమేరూరు గుడి గోడల మీద పరాంతక చోళుడి కాలపు శాసనాలున్నాయని, అప్పట్లో సభకు మనుషులను ఎన్నుకోవడానికి తాటాకుల మీద పేర్లు రాసి కుండలో వేసి చిన్న పిల్లవాడి చేత తీయించేవారని చెప్పారు. లెక్కలు అప్పజెప్పనివాళ్లకు ఆ కుండలో చోటుండేది కాదట. మాది చీట్ల అదృష్టం కాదు. ఇక్కడ చీటీ విప్పి, ఈ మనిషినే ఎందుకు అనుకున్నారో రాసినవాళ్లు అందరి ముందూ చెప్పాలి.

ఏడుగురు మేస్త్రి పేరు రాశారు, అయిదుగురు సెట్టర్ పేరు, మిగతా నలుగురు తలా ఒక పేరు. ఓటింగైతే అక్కడితో తేలిపోయేది. కారణాల వరసలో అందరూ మేస్త్రి అనుభవం గురించి చెప్పారు. సెట్టర్ పేరు రాసినవాళ్లు, ఆఫ్‌సెట్లు (మెషీన్‌లో టూల్ కొలతల సవరణలు) మార్చడం, అలారం చదవడం అతనికి వేగంగా వస్తాయన్నారు. కారణాలు విన్నాక పేరు మార్చుకునే వీలున్న వరసలో మేస్త్రే ముందుగా నోరు విప్పారు. తనకు ఒక కంట్లో పొర మొదలైందని, రాత్రిపూట స్క్రీన్ మీది అంకెలు చెదిరినట్టు కనబడుతున్నాయని, ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదని అన్నారు. నలభై ఏళ్లుగా మైక్రాన్లు చదివిన కన్ను అది. ఆయన ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆ గదిలో అందరికీ తెలుసు.

సెట్టర్ పేరును ప్రతిపాదించి, పద్ధతి ప్రకారం అతన్ని అందరికంటే చివర అడిగాము. తొలి పీసును పాస్ చేసే సంతకం తానొక్కడే పెట్టడానికి భయంగా ఉందని అతను అభ్యంతరం చెప్పాడు. రాత్రి నడిచే జాబ్‌ల తొలి పీసును అమ్మాయి అయిదు లోపు చూసి వెళ్లాలని, ఆ తర్వాత కొత్త జాబ్ మొదలుపెట్టకూడదని, మూడు నెలల తర్వాత మళ్లీ పరిశీలించాలని చేర్చాక ఒప్పుకున్నాడు. మేస్త్రి కంటి ఆపరేషన్‌కు రెండు వారాల సెలవు కూడా ఆ రోజే ఖాయం చేశాము.

28 సెప్టెంబరు

ఈ వారం దెబ్బ తిన్నాము. అర్జెంటు ఆర్డరు వచ్చిందని యజమాని పోయిన వారం మంగళవారం ఎవరినీ అడగకుండా ఆదివారం పని ప్రకటించారు. సెలవుల సర్దుబాటు మా పరిధిలోదని ఆయనే ఒప్పుకున్న కాగితం గోడ మీద ఉంది. కుర్రాళ్లు నా ముఖం చూశారు, నేను కాగితం ముఖం చూశాను. ఆదివారం అందరూ వచ్చారు, పని చేశారు, కానీ ఈ శనివారం సమావేశంలో వరస తిరిగినప్పుడు గొంతులు మళ్లీ పాత జూన్ నెల గొంతుల్లా ఉన్నాయి.

యజమానిని నిందించి లాభం లేదు. ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు ఆయన పక్కన మా మనిషి ఒక్కరూ లేరు. నేను పై నుంచి కిందికి మాట మోసే సూపర్‌వైజర్‌ని మాత్రమే. ఎండెన్‌బర్గ్ దీన్ని ముందే ఊహించి, ప్రతి గుంపుకూ పైగుంపుకూ మధ్య రెండు లంకెలు ఉండాలన్నాడు: పై నుంచి నియమించిన మనిషి ఒకరు, కింది నుంచి ఎన్నుకున్న మనిషి ఒకరు, ఇద్దరికీ పై సమావేశంలో అభ్యంతరం చెప్పే హక్కు. చిన్న షాపుకు ఇదంతా ఎందుకని నేను రెండో లంకెను వదిలేశాను. ఈ రోజు మిల్లింగ్ పెద్దాయనను సమ్మతితో ఆ లంకెగా ఎన్నుకున్నాము. సోమవారాల ప్లానింగుకు ఆయన కూడా వస్తారు. అత్యవసరమైతే యజమాని ఒంటరిగా నిర్ణయించవచ్చునని, అయితే అదే వారం గుంపు ముందుకు వచ్చి కారణం చెప్పాలని ఆయనతో రాయించుకున్నాము. ఆయన సంతకం పెట్టడానికి ఒక రోజు తీసుకున్నారు, పెట్టారు.

10 అక్టోబరు

రేపు ఆయుధపూజ. మెషీన్లన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టడానికి సిద్ధం చేశాము. షిఫ్టు వేళల పరిశీలన పది నిమిషాల్లో ముగిసింది. బర్ బల్ల పాత వేళ అలాగే ఉంటుంది. రెండో షిఫ్టుకు రాత్రి ఇంటికి చేరడం కష్టంగా ఉందన్న అభ్యంతరం కొత్తగా వచ్చింది. తుమకూరు రోడ్డు వైపు పోయే ముగ్గురికి షాపు బండి ఏర్పాటైంది.

9 నవంబరు

అక్క ఈ రోజు తనంతట తానే ఒక ప్రతిపాదన రాసి బోర్డుకు అంటించింది. కొడుకు చేత రాయించిందేమో, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. బర్ బల్లను తిరిగి కిటికీ దగ్గరికి మార్చాలని, ఇప్పుడు అక్కడున్న లేత్ టూల్స్ బీరువాను వెనక మూలకు జరపాలని, భూతద్దం ఉన్న దీపం ఒకటి కొనాలని అందులో ఉంది. దీపం ధర కూడా కనుక్కుని రాసింది. ఏప్రిల్‌లో వెనక్కి వచ్చిన 400 పీసుల లాట్ నంబరు కింద కారణంగా వేసింది.

సాయంత్రానికి దాని కింద ఎర్ర పెన్నుతో మేస్త్రి చేతిరాత కనబడింది. ఆపరేషన్ అయ్యాక ఆయన నిన్ననే తిరిగి పనిలోకి వచ్చారు. ‘అభ్యంతరం ఉంది. బీరువా వెనక మూలకు పోతే, పరికరం కోసం వెళ్లినప్పుడల్లా లేత్ నా కంటికి కనబడదు. మాట్లాడుకుందాం’ అని రాశారు. బీరువాను రెండు లేత్‌ల మధ్య గోడకు బిగించవచ్చునేమో అని నాకు అనిపించింది కానీ, బోర్డు మీద ఏమీ రాయలేదు. వచ్చే శనివారం వరస కొత్తగా చేరిన తుమకూరు అబ్బాయితో మొదలవుతుంది, నా వంతు చివర వస్తుంది.